చల్దిమూటా - శ్రామిక సంఘీభావమూ

1

మా కళాశాల అధ్యాపకుల గదిలో ఒక పొడుగుపాటి బల్ల వుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే దానిమీద ఆరు క్యారియర్లు విచ్చుకుంటాయి. ఒకరి గిన్నెలో పప్పు మరొకరి పళ్ళెంలోకి పోతుంది. ఎవరింటి ఆవకాయ యెంత ఘాటో, యెవరింట్లో వారానికి యెన్నిసార్లు వంకాయ వండుతారో అందరికీ తెలుసు. జీతాల గురించీ, బదిలీల గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడుకునేది అక్కడే. కిందటిసారి మా సంఘానికి చందా వసూలైంది కూడా ఆ బల్లమీదే. అందుచేత ఆ బల్ల అంటే నాకు కొంత గర్వం వుండేది.

బి.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థులకు పోతన దశమ స్కంధంలో గోపబాలకులు చల్దులారగించే ఘట్టం చెబుతూ ఆ బల్లనే వుదాహరణగా తీసుకున్నాను. కలిసి పనిచేసేవారు కలిసి తింటే వారి మధ్య భేదాలు కరిగిపోతాయనీ, మన కవి ఐదువందల యేళ్ళకు పూర్వమే యీ సత్యాన్ని గ్రహించాడనీ కాస్త ఆవేశంగానే చెప్పాను. వెనక బల్లమీద కూర్చున్న ఒక అమ్మాయి లేచింది.

“మాస్టారూ, వాళ్ళంతా ఒకే కులంవాళ్ళు గనక ఒకరి యెంగిలి ఒకరు తిన్నారు. మా అమ్మ నాట్లకు పోతుంది. ఇరవైమంది ఒకే మడిలో వంగి నాటు వేస్తారు. అన్నం వేళకు మాత్రం మూడు చెట్లకింద మూడు గుంపులు కూచుంటాయి. పని కలిసే చేస్తున్నారు గదా, మరి భేదాలు యెందుకు కరగలేదు?”

ఆ ప్రశ్నకు ఆనాడు నేను సరిగా సమాధానం చెప్పలేదు. గంట కొట్టారు. గంట నన్ను కాపాడింది. యీ వ్యాసం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒక్క పోతన పద్యానికి సంబంధించినది కాదు. అభ్యుదయ సాహిత్యంలో కూలీలు, కార్మికులు కలిసి అన్నం తినే దృశ్యాలకు కొదవ లేదు. సమ్మెకు ముందు ఒకటి, సమ్మె తర్వాత ఒకటి. ఒకడు తన రొట్టె విరిచి పక్కవాడికి యిస్తాడు, ఆ క్షణంలో వర్గచైతన్యం వుదయిస్తుంది, కథ ముగుస్తుంది. అటువంటి కథలను మనం మెచ్చుకున్నాం, బహుమతులిచ్చాం, పాఠాలుగా పెట్టాం. పంచుకున్న అన్నం మనుషులను నిజంగా యేం చేస్తుంది, యేం చెయ్యలేదు అని మాత్రం అడగలేదు. ఇప్పుడైనా అడగవలసి వుంది.

2

ముందుగా పోతన దగ్గరికే పోదాం. చల్దుల ఘట్టాన్ని మన వ్యాఖ్యాతలు భక్తిదృష్టితోనే చెబుతూ వచ్చారు. భగవంతుడు గొల్లపిల్లల మధ్య కూర్చుని తిన్నాడు గనుక భక్తసులభుడు - యిదీ తాత్పర్యం. భక్తిని ఆక్షేపించటం నా వుద్దేశం కాదు. అక్కడ జరుగుతున్న పనిని కూడా చూడమంటాను. వాళ్ళు లేగలు కాసే పిల్లలు. పొద్దున్నే చల్ది కట్టుకొని, దూడలను తోలుకొని అడవికి బయలుదేరారు. కొండచిలువ రూపంలో వచ్చిన అఘాసురుడి నోట్లోంచి అప్పుడే ప్రాణాలతో బయటపడ్డారు. యేటి వొడ్డున యిసుకతిన్నె మీద, దూడలకు నీళ్ళు పెట్టి, పచ్చికలో వదిలి, అన్నానికి కూర్చున్నారు. ఇది విందు కాదు, వేడుక కాదు. పని మధ్య దొరికిన విరామం. తెలుగు సాహిత్యంలో పనివాళ్ళ భోజన విరామాన్ని యింత ఆనందంగా చిత్రించిన ఘట్టం మరొకటి నాకు తెలియదు.

ఆ చిత్రణ యెంత నిశితమైనదో గమనించండి. ఒకడు వూరగాయ చూపించి పక్కవాణ్ణి వూరిస్తాడు. ఒకడు మరొకడి చల్ది లాక్కుని గుటుక్కున మింగి, యేదీ లేదుగా అని నోరు తెరిచి చూపిస్తాడు. ఒకడు పందెం కట్టి ఐదారుగురి చల్ది తినేస్తాడు. ఒకడు అటు చూడమని చెప్పి యిటు యెదుటివాడి ముందున్నది వూడ్చేస్తాడు. వున్నదాన్ని పంచిపెట్టటమే స్నేహం అని నీతి చెప్పేవాడు కూడా ఒకడున్నాడు. ఆకులూ, రాళ్ళూ, చెట్ల పట్టలే కంచాలు. కృష్ణుడు నడుమ కూర్చున్న మాట నిజమే. కాని వడ్డించేవాడు యెవడూ లేడు. వరస లేదు గనుక వరసలో మొదటివాడూ కడపటివాడూ లేరు. ‘పంక్తి’ అనే మాటలోనే యెవరు యెక్కడ కూర్చోవాలో నిర్ణయించే వ్యవస్థ వుంది. పోతన పిల్లలు పంక్తిలో కాక చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు.

అయితే ఆ సమానత్వం యెక్కడినుంచి వచ్చింది? చల్దిలోనుంచి రాలేదు. వాళ్ళది ఒకే వయసు, ఒకే పని, ఒకే మంద, ఒకే పల్లె. కొద్దిసేపటి క్రితమే ఒకే పాము నోట్లో పడి లేచారు. చల్ది ఆ సమానత్వాన్ని సృష్టించలేదు, రుచి చూపించింది. ఆ అమ్మాయి సరిగ్గా యిక్కడే నన్ను పట్టుకున్నది. ఒకే కులంవాళ్ళు గనక యెంగిలి అడ్డురాలేదు. ఆ దృశ్యాన్ని యెత్తుకుపోయి మూడు చెట్లకింద మూడు గుంపులుగా కూర్చున్న నాట్లకూలీలకు పాఠంగా చెప్పటం నా తప్పు. పోతనది కాదు.

పోతన యెరిగిన లోకంలో అన్నానికి మరో ముఖం కూడా వుంది. అదే దశమ స్కంధంలో యింకొక రోజు పశువులు కాసే గోపకులకు ఆకలి వేస్తుంది. దగ్గరలో బ్రాహ్మణులు యజ్ఞం చేస్తున్నారు. కృష్ణుడు అక్కడికి పోయి అన్నం అడగమంటాడు. యజ్ఞం చేసేవారు వినీ విననట్టు వూరుకుంటారు. పిల్లలు తిరిగివస్తారు. ఈసారి వారి ఆడవాళ్ళను అడగమంటాడు. ఆ స్త్రీలు భర్తలు వారిస్తున్నా వినకుండా నాలుగు విధాల అన్నాలూ యెత్తుకొని అడవికి వస్తారు. వండినవారు యెవరో, వండినదాని మీద అధికారం యెవరిదో, ఆకలిగొన్న పనివాళ్ళ కేక యెవరికి వినిపించిందో - మూడూ ఆ ఒక్క కథలో వున్నాయి. చల్దుల పద్యం నోటికి వచ్చిన మనకు యీ కథలోని సామాజికార్థం యెందుకు పట్టలేదో ఆలోచించుకోవాలి.

3

కులం దాటిన భోజనం మాట వస్తే మనవాళ్ళు వెంటనే పల్నాటి చాపకూడును వుదాహరిస్తారు. అది న్యాయమే. పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడు తన వీరులను కులభేదం లేకుండా ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడన్న గాథ, మాల కన్నమదాసును సేనానిగా నిలబెట్టాడన్న గాథ సామాన్యమైనవి కావు. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యం ఆ జ్ఞాపకాన్ని భద్రపరచింది. అక్కిరాజు వుమాకాంతంగారు దాన్ని 1911లో అచ్చు వేయించి మనకు అందించారు. కారెంపూడి వీరుల వుత్సవాల్లో చాపకూడు నేటికీ ఒక ఘట్టమే. పుస్తకం చదవని జనం కూడా దాన్ని మరిచిపోలేదంటే ఆ కోరిక యెంత లోతైనదో తెలుస్తుంది.

కాని విమర్శకుడు వుత్సవంతో ఆగకూడదు. చాప పరిచింది మంత్రి. కూర్చున్నది సైనికులు. పరిచింది యుద్ధానికి. పక్కపక్కన నిలబడి చావవలసినవారు పక్కపక్కన కూర్చుని తినకపోతే సేన నిలవదని బ్రహ్మనాయుడికి తెలుసు. ఇది దూరదృష్టి. దాన్ని తక్కువ చెయ్యను. అయితే చావులో యిచ్చిన సమానత్వం సాగులో యిచ్చాడా, భూమి మీద, నీటి మీద కన్నమదాసు జాతివారికి యే హక్కు వచ్చింది అన్న ప్రశ్నకు చాపకూడు గాథ సమాధానం చెప్పదు. పైనుంచి పరిచిన చాపను పైవాడే చుట్టిపెట్టవచ్చు. పల్నాటి గాథను సోషలిజానికి తొలిమెట్టుగా వర్ణించే వుపన్యాసకులు యీ తేడాను గుర్తించాలి.

మన భాషలో ‘వుప్పు తిన్న విశ్వాసం’ అనే మాట వుంది. అన్నం పెట్టినవాడికి తిన్నవాడు కట్టుబడి వుండాలన్నది దాని సారం. భూస్వామ్య సమాజం పాలేరును కట్టిపడేసింది కొరడాతోనే కాదు, యీ మాటతో కూడా. దొడ్డివాకిట్లో దోసిలి పట్టిన పాలేరుకు గంజి పోస్తే అది కూలిలో భాగమే. అతని చెమటలోనుంచి వచ్చినదే. అయినా దానికి దయ అని పేరు పెట్టారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ 1922లో వెలువడింది. అందులో చౌదరయ్య యింట పనిచేసే సంగదాసుకూ, ఆ యింటి బిడ్డ రామానాయుడికీ మధ్య నిజమైన స్నేహం వుంది. ఆ స్నేహాన్ని వున్నవగారు యెంత ప్రేమతో దిద్దారో చదివినవారికి తెలుసు. కాని సంగదాసు కూలీల పక్షాన నిలబడేసరికి ఆ యింటి యజమాని దెబ్బకే ప్రాణం పోగొట్టుకున్నాడు. రామానాయుడి మంచితనం అతన్ని కాపాడలేకపోయింది. వర్గాల గోడ మీదుగా చేతులు కలుపుకున్న ఇద్దరు మంచివాళ్ళ స్నేహం వేరు, గోడకు ఒకే వైపున వున్నవారి సంఘీభావం వేరు. ‘మాలపల్లి’ గొప్పతనం యీ రెంటినీ కలగాపులగం చెయ్యకపోవటంలో వుంది.

గురజాడ యీ సమస్యను మరో దిక్కునుంచి పట్టుకున్నారు. యోగవాసిష్ఠంలోని పాతకథను తీసుకొని ‘లవణరాజు కల’ రాశారు. రాజుకు ఆకలి వేసింది. అన్నం మాలపిల్ల దగ్గర వుంది. ఆకలి ముందర కిరీటమూ కులమూ నిలబడలేదు. మనసులోని మైల కడుపు కాలినప్పుడు యేమవుతుందో కవి అడిగాడు. ఇక్కడ యిచ్చే చెయ్యి కిందివారిది, పుచ్చుకునే చెయ్యి పైవారిది. అప్పటిదాకా మన కావ్యాల్లో అన్నదానం చేసే దాతలు అందరూ పైవాళ్ళే. ఆ దిశను తిప్పటంలోనే గురజాడ ఆధునికత వుంది. అయితే అది ఒక రాజు కల. పనిచోట రోజూ కలుసుకునే పనివాళ్ళ మధ్య యేం జరుగుతుందన్నది ఆ కథ పరిధిలో లేదు. అది తెలియాలంటే మిల్లులోకి పోవాలి.

4

బొంబాయి నూలుమిల్లుల చరిత్ర మన తెలుగువాళ్ళకు పరాయిది కాదు. తెలంగాణ జిల్లాలనుంచి పద్మశాలీలు, కూలీ జనం బ్రతుకుతెరువు కోసం ఆ నగరానికి పోయారు. కామాటీపురా అనే పేరే అక్కడి తెలుగు కూలీల గుర్తు. కొంకణంనుంచి, దక్కన్ మెట్టభూములనుంచి, వుత్తరాదినుంచి వచ్చినవాళ్ళ మధ్య మనవాళ్ళూ మగ్గం ముందు నిలబడ్డారు.

ఆ మిల్లుల్లో నేతఖాతా కూలి మెరుగైనది. ఆ ఖాతాలోకి అంటరానివారిని రానిచ్చేవారు కారు. కారణం యంత్రంలో లేదు, యెంగిలిలో వుంది. కండె అయిపోయినప్పుడు కొత్త కండె పెట్టి, నాడె కన్నంలోనుంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. ఒకడు నోరు పెట్టిన నాడెను మరొకడు ముట్టుకోవాలి. సవర్ణ కార్మికులు దానికి ఒప్పుకోలేదు. మంచినీళ్ళ కుండల దగ్గరా అంటు పాటించారు. 1928 మహా సమ్మె కాలంలో అంబేద్కర్ యీ ప్రశ్నను కార్మిక నాయకుల ముందుకు సూటిగా తెచ్చాడు: మీరు కోరే హక్కుల జాబితాలో నేతఖాతాలో పనిచేసే హక్కు అందరికీ వున్నదా, లేదా?

మనం యీ సంగతిని తప్పించుకొని పోకూడదు. ఒకే కప్పు కింద, ఒకే యజమాని కింద, ఒకే సైరను కూతకు లేచి పరుగెత్తినవాళ్ళు అరజానెడు నాడె దగ్గర విడిపోయారు. ఉమ్మడి పని ఐక్యతకు పునాది వేస్తుందన్నమాట నిజం. పునాది పడినంతమాత్రాన గోడలు వాటంతట అవే లేవవన్నది కూడా అంతే నిజం. ఆ అమ్మాయి మూడు చెట్లూ బొంబాయి నాడే ఒకే పాఠం చెబుతున్నాయి. ఆ పాఠాన్ని మన వుద్యమం ఆలస్యంగా, అదీ అర్ధమనస్కంగా నేర్చుకున్నది. కూలిరేట్ల గురించి పేజీలకు పేజీలు రాసిన మనం టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి యెన్ని పేజీలు రాశాం?

అదే బొంబాయిలో అన్నం మనుషులను దగ్గర చేసిన కథ కూడా వుంది. ఒంటరిగా వచ్చిన మగ కార్మికులు ఖానావళుల్లో తినేవారు. అవి పెద్ద హోటళ్ళు కావు. కార్మికవాడలోనే ఒక గృహిణి తన వంటింట్లో పదిమందికీ ఇరవైమందికీ నెలవారీ లెక్కన వండిపెట్టేది. ఒక వూరినుంచి వచ్చినవాళ్ళు, ఒక ఖాతాలో పనిచేసేవాళ్ళు ఒక ఖానావళిలో చేరేవారు. కొత్తగా వచ్చినవాడికి పని యెక్కడ ఖాళీ వుందో, యే జాబరు లంచగొండో, యెవరు నమ్మదగినవారో తెలిసేది అక్కడే. సమ్మె రోజుల్లో జీతం ఆగిపోతే ఖానావళి అప్పుమీద నడిచేది. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షలమంది కార్మికులు పాల్గొన్నారు. నెలల తరబడి సాగిన ఆ పోరాటంలో కార్మికవాడ పొయ్యి యెలా వెలిగిందన్న ప్రశ్న వుపన్యాస వేదిక మీది ప్రసంగాలకంటే చిన్నదేమీ కాదు.

ఆ పొయ్యి ముందు కూర్చున్న స్త్రీ ఆ సంఘంలో సభ్యురాలు కాదు. ఆమె చేసేది పని అని కూడా యెవరూ అనుకోలేదు. కార్మికోద్యమంలోనుంచే వచ్చిన ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండలిని స్థాపించి యీ వంటింటి కార్మికులను కూడగట్టారు. వడ్డీవ్యాపారి చేతిలో చిక్కిన ఆ స్త్రీలకు బ్యాంకు రుణాలు యిప్పించారు. అంటే కార్మికుల సంఘీభావాన్ని దశాబ్దాలపాటు పోషించిన చేతులకు తమ సంఘం తమకు దొరకటానికి అన్నాళ్ళు పట్టింది. క్యారియరు పంచుకునే మగవాళ్ళ దృశ్యాన్ని చిత్రించే రచయిత తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి దాన్ని నింపిన మనిషిని కథలోకి రానివ్వకపోతే, ఆ కథలోని సంఘీభావం సగం మనుషులది మాత్రమే.

5

ఇక పెట్టుబడిదారుడు పెట్టే అన్నం మాట చూద్దాం. 1948 కర్మాగారాల చట్టం ప్రకారం వరసగా ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు, నడుమ కనీసం అరగంట విరామం వుండాలి. 150 మందికి మించి పనిచేసేచోట తినటానికి గది వుండాలి. 250 మందికి మించితే క్యాంటీను పెట్టించవచ్చు, దాని నిర్వాహక సంఘంలో కార్మికుల ప్రతినిధులు వుండాలి. ఆ చట్టం స్థానంలో 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరులో అమలులో పెట్టిన కోడు కాంట్రాక్టు కార్మికులను కూడా లెక్కలో కలిపి 100 మంది వుంటే క్యాంటీను వుండాలంటున్నది. అరగంట కూర్చుని అన్నం తినటం కూడా చట్టంలో రాయించుకోవలసి వచ్చిందంటే, అది యెవరి దయవల్లా వచ్చినది కాదని విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

క్యాంటీనులో వేలమంది ఒకే సాంబారు తింటారు. అంతమాత్రాన వాళ్ళంతా ఒకటైపోయారా? వడ్డించే కుర్రవాడిని అడగండి. అతను ఆ కర్మాగారంలో కార్మికుడా, కాంట్రాక్టరు మనిషా అన్న తగాదా సుప్రీంకోర్టుదాకా పలుమార్లు పోయింది. రైల్వేలలో చట్టప్రకారం నడిచే క్యాంటీన్ల కార్మికులు రైల్వే వుద్యోగులేనని 1990లో ఆ కోర్టు చెప్పేదాకా వాళ్ళు పోరాడవలసి వచ్చింది. ఒకే కప్పు కింద ఒకరు తినేవారు, మరొకరు పెట్టేవారు. ఇద్దరూ పనివాళ్ళే. తినేవాడి సంఘం పెట్టేవాడి గురించి యెప్పుడు మాట్లాడిందన్నదే అక్కడి ఐక్యతకు కొలమానం.

ఈ మధ్య కంపెనీలు విందులు చేస్తున్నాయి. మేమంతా ఒకే కుటుంబం అని మేనేజరు కూడా పళ్ళెం పట్టుకొని వరసలో నిలబడతాడు. మంచిదే. కాని కుటుంబంలో యెవరి వాటా యెంతో అడిగిననాడు ఆ మాట యేమవుతుందో మనకు తెలుసు. పాత వుప్పు కొత్త పళ్ళెంలోకి వచ్చింది, అంతే.

అన్నం దగ్గర పుట్టిన సంఘీభావానికి మన దేశంలో చరిత్రాత్మకమైన వుదాహరణ 1946 నావికుల తిరుగుబాటు. ఫిబ్రవరి 18న బొంబాయిలో ‘తల్వార్’ నౌకాశిక్షణ కేంద్రంలోని నావికులు పాడు తిండి తినబోమని కంచాలు పక్కకు నెట్టారు. తిండి లేనిదే పని లేదన్నారు. జాతి అహంకారంతో తెల్ల అధికారి తిట్టిన తిట్లు, జీతాల్లో వ్యత్యాసం, రాజకీయ ఖైదీల విడుదల - అన్నీ ఆ కంచం వెనకనుంచి బయటికి వచ్చాయి. కొద్దిరోజుల్లో దాదాపు 20,000 మంది నావికులు కదిలారు. అన్ని మతాలవారూ, అన్ని ప్రాంతాలవారూ అందులో వున్నారు. ఫిబ్రవరి 22న బొంబాయి కార్మికులు వారికోసం పని ఆపారు. రష్యాలో 1905లో ‘పొటెంకిన్’ యుద్ధనౌక మీద పురుగులు పట్టిన మాంసం దగ్గర మొదలైన తిరుగుబాటు కూడా యిటువంటిదే. ఐజెన్‌స్టైన్ దాన్ని 1925లో చిత్రంగా తీశాడు గనుక లోకమంతా యెరుగును.

ఇక్కడ నావికులను ఒకటి చేసింది పంచుకున్న ముద్ద కాదు. కలిసి తిరస్కరించిన ముద్ద. ఒక్కడు కంచం నెడితే వాడికి శిక్ష. అందరూ నెట్టాలంటే పక్కవాడు నెడతాడన్న నమ్మకం వుండాలి. ఆ నమ్మకం ఆ రోజు వుదయం పుట్టినది కాదు. రోజూ ఒకే పాడుతిండిని ఒకే బల్ల దగ్గర కూర్చుని తిట్టుకుంటూ తిన్న నెలల్లో పుట్టింది.

6

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు సమాధానం చెప్పగలననుకుంటాను.

పనిచోట పంచుకునే అన్నం చేసే మేలు నిజమైనదే. పక్కవాడి క్యారియరు మూత తీస్తే వాడి యింటి సంగతి తెలుస్తుంది. నెల మొదట్లో గట్టిగా వున్న పప్పు నెలాఖరుకు యెలా పలచనవుతుందో కనబడుతుంది. జీతపు చీటీ దాచుకోవచ్చు. కూర గిన్నె దాచుకోలేరు. నాకొక్కడికే కష్టమనుకున్నవాడు అందరికీ ఇదే కష్టమని తెలుసుకునేది అక్కడ. మేస్త్రీ చెవిన పడకుండా మాట్లాడుకునే కాసేపు అక్కడే దొరుకుతుంది. ఇవాళ నీ తొక్కు, రేపు నా పచ్చిపులుసు అన్న లెక్కలో వడ్డీ లేని అప్పు, రాతకోతలు లేని నమ్మకం అలవాటవుతాయి. ఒకే కంచం ఒకే మంచం అని మన పెద్దలు స్నేహాన్ని చెప్పింది వూరికే కాదు. సంఘం పెట్టేనాటికి మనిషికి మనిషిమీద వుండవలసిన గురిని యిటువంటి చిన్న అలవాట్లే తయారుచేస్తాయి.

కాని ఆ మేలు యెవరు యెవరితో కూర్చుంటారన్నదాన్ని దాటి పోలేదు. మూడు చెట్లకింద మూడు గుంపులు కూర్చుంటే మూడు నమ్మకాలు పుడతాయి. కూలి పెంచమని అడిగేనాడు ఆసామి ఒక గుంపును పిలిచి ఒక మాట, మరో గుంపును పిలిచి మరో మాట చెప్పటానికి అవి పనికివస్తాయి. ఉమ్మడి పని మనుషులను మడి దాకా తీసుకువస్తుంది. మూడు చెట్లనూ ఒక చెట్టు చెయ్యటం దానంతట అది జరగదు. దానికి పూనుకొని చేసే పోరాటం కావాలి. ఆ పోరాటం కూలి పోరాటానికి వెనక వచ్చేది కాదు, అందులో భాగం. అందుచేత కలిసి తినటాన్ని నేను సంఘీభావానికి పునాది అనను; పరీక్ష అంటాను. పునాది పనిలో వుంది. పరీక్ష యెంగిలి దగ్గర వుంది.

ఈ విషయంలో మన సాహిత్యంలో రెండు పొరపాట్లు నడుస్తున్నాయి. మొదటిది అన్నాన్ని మంత్రంగా చూడటం. ముద్ద పంచుకోగానే కులం మాయమైపోతుంది, మనిషి మారిపోతాడు. ఇది అభ్యుదయం వేషం వేసుకున్న భావవాదం. రెండవది అన్నం సంగతి అల్పమైనదని తోసివెయ్యటం. కూలిరేటు, భూమి, అధికారం - యివే వస్తువులు, తక్కినవన్నీ ఆడవాళ్ళ కబుర్లు అనటం. ఇది యాంత్రికత. మొదటిది సమస్యను ఒక ముద్దతో మింగేస్తుంది. రెండవది సమస్య వున్న చోటికే పోదు. నాడె దగ్గర తెగిన ఐక్యతను మొదటివాడు చూడలేడు. ఖానావళి పొయ్యిని రెండవవాడు చూడలేడు.

కథలో పనివాళ్ళు అన్నానికి కూర్చున్నప్పుడల్లా రచయితను విమర్శకుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది యెవరు వండారు? యెవరు యెవరి గిన్నెలో చెయ్యి పెట్టగలుగుతున్నారు? ఇక్కడ లేనివాడు యెక్కడ తింటున్నాడు? మూడవ ప్రశ్న యీ రోజుల్లో మరీ ముఖ్యం. ఇవాళ హైదరాబాదులో వేలమంది కుర్రవాళ్ళు యితరుల భోజనాన్ని వీపుమీద మోసుకొని మోటారుసైకిళ్ళ మీద తిరుగుతున్నారు. తమ అన్నం తినటానికి వాళ్ళకు బల్ల లేదు, గది లేదు, గంట లేదు. ఫ్లైవోవరు నీడలో బండి ఆపుకొని ఫోను చూసుకుంటూ తింటారు. అయితే ఆ నీడలోనే యిద్దరు ముగ్గురు చేరటం, ఒకడి టీ మరొకడు పంచుకోవటం, యెంత పడింది, యెంత కోత పెట్టారు అని మాట్లాడుకోవటం నేను చూశాను. పోతన యిసుకతిన్నెను కొత్త కథకుడు అక్కడ వెతకాలి.

చివరగా మా బల్ల సంగతి. ఆ అమ్మాయి అడిగిన తర్వాత నేను మూడవ ప్రశ్నను మా గదిలోనే వేసుకున్నాను. గంటలెక్కన జీతం తీసుకునే నలుగురు అధ్యాపకులు ఖాళీ తరగతి గదిలో తింటున్నారు. అటెండరు గ్రంథాలయం మెట్లమీద తింటున్నాడు. మాకు గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి వెళ్ళేది అతనే. అతను యెక్కడ తింటాడో ఎనిమిదేళ్ళుగా నాకు తెలియదు. ఒకరోజు నా క్యారియరు తీసుకొని ఖాళీ తరగతి గదికి పోయాను. నలుగురూ లేచి నిలబడ్డారు. కూర్చోమని చెప్పటానికి కొంతసేపు పట్టింది. వారిలో ఒకాయన మర్యాదగా అన్నాడు: “మీరు రావటం సంతోషమే సార్. మా గంటల డబ్బు మూడు నెలలుగా రాలేదు, దానిమీద మీ సంఘం ఒక తీర్మానం చేస్తే యింకా సంతోషం.”

ఆ తీర్మానం కిందటి సమావేశంలో పెట్టాను. వచ్చే సమావేశానికి వాయిదా పడింది. బల్ల దగ్గర యింకా ఆరు కుర్చీలే వున్నాయి.